హైస్కూల్ పిచర్ నిజంగా ఎంత వేగంగా వేయగలడు: కొలత, అంచనా, సాధన

బేస్‌బాల్‌లో బ్యాటర్‌కు బంతి విసిరేవాడు పిచర్. పదిహేనేళ్ల కుర్రాడు మౌండ్ (పిచర్ నిలబడే మట్టి దిబ్బ) మీద నుంచి గంటకు 70 మైళ్ల వేగంతో ఫాస్ట్‌బాల్ వేస్తున్నాడంటే అతను వెనకబడినట్టు కాదు. అమెరికా హైస్కూళ్లలో ఆ వయసు పిచర్లు చాలామంది ఆ అంకెకు అటూ ఇటూగానే ఉంటారు. ఫోన్లో కనిపించే 90 మైళ్ల వీడియోలు దేశం మొత్తం మీద ఏరి తెచ్చిన కొద్దిమందివి. వాటిని చూసి ఇంట్లో బెంగ పెట్టుకుంటే ముందుగా దెబ్బతినేది పిల్లవాడి మోచేయి. అందుకే ఏ వయసుకు ఎంత వేగం మామూలో, దాన్ని తప్పు లేకుండా ఎలా కొలవాలో, ఏడాదికి ఎంత పెరుగుదల ఆశించవచ్చో, ఎక్కడ ఆగాలో ఒక్కొక్కటిగా చెబుతున్నాం.

ఇక్కడి అంకెలన్నీ గంటకు మైళ్లలో ఉన్నాయి. కిలోమీటర్లలో ఆలోచించేవారికి 70 మైళ్లంటే సుమారు 113, 80 అంటే 129, 90 అంటే 145. అలాగని క్రికెట్ బౌలర్ల వేగాలతో పోల్చుకోవద్దు. అక్కడ పరుగెత్తుకొచ్చిన ఊపు ఉంటుంది, మోచేయి వంచి విసరకూడదు. ఇక్కడ పిచర్ మౌండ్ మీద పాతిన రబ్బర్ పలకకు కాలు ఆనించి, నిలబడ్డ చోటు నుంచే మోచేయి వంచి విసురుతాడు. రెండింటిలో ఒళ్లు పనిచేసే తీరే వేరు.

తరగతిని బట్టి మామూలు వేగాలు

కింద చెప్పేవి ఆటలో నిలకడగా వేసే ఫాస్ట్‌బాల్ వేగాలు. ఎప్పుడో ఒక్కసారి తాకిన గరిష్ఠ వేగం కాదు.

హైస్కూల్లో చేరకముందు, 13-14 ఏళ్ల వయసులో 60 నుంచి 70 మైళ్లు మామూలు. ఫ్రెష్‌మన్ ఏడాదిలో (9వ తరగతి) 65 నుంచి 75. సోఫమోర్‌కు (10వ తరగతి) వచ్చేసరికి 70 నుంచి 78. జూనియర్ ఏడాది (11వ తరగతి) 74 నుంచి 82. సీనియర్‌గా (12వ తరగతి) స్కూల్ ప్రధాన జట్టైన వర్సిటీలో క్రమం తప్పకుండా పిచ్ చేసేవారు ఎక్కువగా 77 నుంచి 85 మధ్య ఉంటారు. టెక్సస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా, జార్జియా లాంటి రాష్ట్రాల్లో పెద్ద స్కూళ్ల వర్సిటీ జట్లు ఈ పరిధికి పై అంచున ఉంటాయి. చిన్న ఊళ్లలోని చిన్న స్కూళ్లలో 76 మైళ్లు వేసేవాడే జట్టుకు మొదటి పిచర్ కావచ్చు.

వర్సిటీలో 85 దాటినవాడు ప్రత్యర్థి కోచ్‌లకు గుర్తుండిపోతాడు. 88 దాటి స్ట్రైకులు (బ్యాటర్‌కు అందే హద్దులో పడే బంతులు) వేయగలిగితే కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ 1 కాలేజీలు ఫోన్ చేస్తాయి. అంతకన్నా కింది స్థాయి డివిజన్ 3, రెండేళ్ల జూనియర్ కాలేజీల్లో 80 నుంచి 86 మైళ్లతో ఆడుతున్నవారు ఎందరో ఉన్నారు. హైస్కూల్లో 90 దాటేవారు తక్కువ, 95 దాటేవారు చాలా అరుదు. 2017లో లాస్ ఏంజెలెస్‌లోని షెర్మన్ ఓక్స్‌లో నోటర్ డేమ్ హైస్కూల్ సీనియర్‌గా ఉన్న హంటర్ గ్రీన్ 102 మైళ్లు తాకాడు. ఆ ఏడాది ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో సిన్సినాటి రెడ్స్ జట్టు అతన్ని రెండో స్థానంలోనే తీసుకుంది. 2019లో అతనికి మోచేతి లిగమెంట్ సర్జరీ అయింది. అలాంటి ఒళ్లు, అలాంటి వేగం ఉన్నవాణ్ణి కొలమానంగా పెట్టుకుంటే మిగతా పిల్లలందరూ తక్కువవాళ్లలాగే కనిపిస్తారు. అమెరికాలో అన్నిటికన్నా పై స్థాయి ప్రొఫెషనల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో సగటు ఫాస్ట్‌బాలే సుమారు 94 మైళ్లు. హైస్కూల్ కుర్రాడి నుంచి దాన్ని ఆశించడం సమంజసం కాదు.

కొలతలోనే సగం తప్పులు

"మావాడు 82 వేస్తాడు" అన్న మాట విన్నప్పుడల్లా మూడు ప్రశ్నలు వేయాలి. మౌండ్ మీద నుంచా, నేల మీద పరుగెత్తుకొచ్చా? ఒక్క బంతా, పది బంతుల సగటా? వేగం కొలిచే రాడార్ గన్ ఎక్కడ పెట్టారు?

రెండడుగులు గెంతి, ఊపు తీసుకుని వలలోకి విసిరే పుల్‌డౌన్ విసురులో వచ్చే వేగం మౌండ్ వేగం కన్నా చాలా మైళ్లు ఎక్కువ ఉంటుంది. అందులో గురి అక్కర్లేదు, బ్యాటర్ లేడు, వాలు లేదు. సాధనలో దానికి చోటుండొచ్చు గానీ పిచింగ్ వేగంగా చెప్పుకోవడానికి అది పనికిరాదు. గరిష్ఠ వేగం సంగతీ ఇంతే. ఆటలో 74 దగ్గర నిలకడగా వేసేవాడు ఊపు మీదున్నప్పుడు ఒకసారి 78 తాకుతాడు. కోచ్‌కు కావలసింది 74. ఎందుకంటే ఐదో ఇన్నింగ్స్‌లో బ్యాటర్ ఎదుర్కొనేది దాన్నే.

రాడార్ గన్ డాప్లర్ పద్ధతిలో పనిచేస్తుంది. బంతి నేరుగా గన్ వైపు వస్తున్నా, గన్ నుంచి నేరుగా పోతున్నా సరైన అంకె వస్తుంది. పక్కకు జరిగితే కోణాన్ని బట్టి అంకె తగ్గిపోతుంది. 5 డిగ్రీల తేడాతో వచ్చే నష్టం పట్టించుకోనక్కర్లేదు. 10 డిగ్రీలు జరిగితే 85 మైళ్ల బంతి 83.7గా, 20 డిగ్రీలైతే 80గా, 30 డిగ్రీలైతే 74గా కనిపిస్తుంది. ఫస్ట్ బేస్ పక్కన కుర్చీ వేసుకుని కొలిచే తండ్రులకు కొడుకు వేగం ఎప్పుడూ తక్కువగా కనిపించేది ఇందుకే. గన్‌ను క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి అందుకునేవాడు) వెనక, వల అవతల, ప్లేట్‌కూ (బ్యాటర్ నిలబడే చోట నేలలో ఉండే పలక) రబ్బర్‌కూ మధ్య గీసిన గీతకు సూటిగా పెట్టండి. అక్కడ వీలుకాకపోతే పిచర్ వెనక అదే గీతలో నిలబడండి.

రెండో సంగతి, బంతి చేతిని వదిలిన క్షణం నుంచి గాలి దాన్ని నెమ్మదింపజేస్తూనే ఉంటుంది. ప్లేట్ చేరేసరికి 8 నుంచి 10 శాతం వేగం పోతుంది. చేతి దగ్గర 80 ఉన్న బంతి ప్లేట్ దగ్గర 73 చిల్లర. ఇప్పటి మంచి గన్లు చేతి దగ్గరి వేగాన్నే పట్టుకుంటాయి. చవక గన్, బ్యాటరీ తగ్గిన గన్ బంతిని ఆలస్యంగా పట్టుకుని మూడు నాలుగు మైళ్లు తక్కువ చూపిస్తాయి. పాత రికార్డులతో పోల్చేటప్పుడూ ఇది మరవకూడదు. 1974లో మేజర్ లీగ్ పిచర్ నోలన్ రయాన్‌కు నమోదైన 100.9 ప్లేట్‌కు దగ్గరగా కొలిచినది. ఇండోర్ కేజ్‌లో ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు కూడా గన్‌కు తప్పుడు సంకేతాలిస్తాయి. బంతి వేయకుండానే అంకె వస్తుంటే అనుమానించాల్సింది వాటినే.

గన్ లేకపోయినా ఫోన్ చాలు. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, పిచర్ చేయి, క్యాచర్ గ్లవ్ రెండూ కనిపించేలా పక్క నుంచి తీయండి. సెట్టింగ్స్‌లో 120 ఉందో 240 ఉందో ముందే చూసుకోండి. బంతి వేళ్లను వదిలిన ఫ్రేము నుంచి గ్లవ్‌ను తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. రబ్బర్ నుంచి ప్లేట్ వెనక కొన దాకా 60 అడుగుల 6 అంగుళాలు. పిచర్ అడుగు ముందుకేసి రబ్బర్‌కు సుమారు ఐదున్నర అడుగుల ముందు బంతి వదులుతాడు, క్యాచర్ ప్లేట్‌కు రెండడుగుల వెనక అందుకుంటాడు. కాబట్టి బంతి ప్రయాణం సుమారు 57 అడుగులు. గాలిలో పోయిన వేగాన్ని కూడా కలుపుకుంటే లెక్క ఇలా తేలుతుంది: 9800ను ఫ్రేముల సంఖ్యతో భాగించండి. 120 ఫ్రేములు పడితే చేతి దగ్గర వేగం సుమారు 82 మైళ్లు, 130 పడితే 75, 140 పడితే 70. ఒక్క ఫ్రేము తప్పుకు అర మైలుకు పైగా తేడా వస్తుంది, అందుకని పది బంతులు లెక్కించి సగటు తీయండి. హైస్కూల్ దూరానికే ఈ 9800 పనికొస్తుంది. చిన్నపిల్లలు ఆడే లిటిల్ లీగ్ 46 అడుగుల మౌండ్‌కు కుదరదు.

కొలిచే రోజు పద్ధతి ఎప్పుడూ ఒకేలా ఉండాలి. చివరి ఆట తర్వాత కనీసం మూడు రోజుల విశ్రాంతి. ఒంటికి చెమట పట్టేదాకా పరుగు, బ్యాండ్ వ్యాయామాలు. 45 అడుగుల దగ్గర మొదలుపెట్టి 120 అడుగుల దాకా వెనక్కి జరుగుతూ విసురులు. తర్వాత మౌండ్ ఎక్కి క్రమంగా బలం పెంచుతూ 12 నుంచి 15 బంతులు. అప్పుడు లెక్కలోకి వచ్చే 15 ఫాస్ట్‌బాల్స్, బంతికీ బంతికీ మధ్య 15-20 సెకన్ల విరామంతో. అన్నింటిలో పైనున్న రెండు, కిందున్న రెండు తీసేసి మిగతా పదకొండింటి సగటు రాసుకోండి. పక్కనే ఎన్ని స్ట్రైకులో కూడా రాయండి. 15లో 5 స్ట్రైకులతో వచ్చిన 79 కన్నా 10 స్ట్రైకులతో వచ్చిన 76 ఆటలో ఎక్కువ విలువైనది. నాలుగు వారాలకోసారి కొలిస్తే చాలు. వారం వారం కొలిచే పిల్లవాడు గన్ కోసమే విసరడం నేర్చుకుంటాడు, బుజం బిగిసిపోతుంది, బంతి పైకి లేస్తుంది. చలి రోజున రెండు మూడు మైళ్లు తగ్గితే కంగారు పడొద్దు.

ఏడాదికి ఎంత పెరుగుతుంది

13 నుంచి 16 ఏళ్ల మధ్య ఎత్తు, బరువు పెరుగుతున్నంత కాలం ఏడాదికి 3 నుంచి 5 మైళ్లు పెరగడం సహజం. ఆ తర్వాత సాధనతో 2 నుంచి 3 మైళ్లు వస్తే మంచి ఏడాదే. "ఆరు వారాల్లో పది మైళ్లు" అని అమ్మే ప్రోగ్రామ్‌లను నమ్మకండి. అంత పెరిగినట్టు కనిపిస్తే కొలత మారి ఉంటుంది, లేదా అంతకుముందు విసిరే తీరులో పెద్ద లోపం ఉండి అది సరిదిద్ది ఉంటారు.

పిల్లలందరూ ఒకే వయసులో ఎదగరు. 14 ఏళ్లకే గడ్డం వచ్చి 78 వేసే కుర్రాడు సీనియర్ నాటికి 82 దగ్గర ఆగిపోవచ్చు. అదే వయసులో సన్నగా ఉండి 66 వేసినవాడు 18 ఏళ్లకు 84కు చేరవచ్చు. ఫ్రెష్‌మన్ వేగం చూసి భవిష్యత్తు తేల్చేయడం తొందరపాటు. ఒక్క వేసవిలో మూడు నాలుగు అంగుళాలు పొడవు పెరిగినవాడికి కొన్ని నెలలు గురి తప్పుతుంది, వేగం కూడా ఒకట్రెండు మైళ్లు తగ్గుతుంది. కాళ్లూ చేతులూ పొడవయ్యాయి, వాటిని అదుపు చేసే కండ ఇంకా రాలేదు. ఆ సమయంలో విసిరే తీరు మొత్తం మార్చేయాలని చూసే కోచ్ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాడు. బంతుల సంఖ్య తగ్గించి, కాళ్ల బలం మీద పనిచేయిస్తూ ఓపిక పట్టాలి.

వేగం ఎక్కడి నుంచి వస్తుంది

చేతి బలం నుంచి అనుకుంటారు చాలామంది. చెయ్యి ఆఖరి మెట్టు మాత్రమే. వెనక కాలు నేలను నెట్టిన బలం నడుముకు, నడుము నుంచి ఛాతీకి, అక్కడి నుంచి బుజానికి, మోచేతికి, వేళ్లకు వరసగా అందాలి. ఈ వరసలో ఎక్కడ ఆలస్యమైనా, ఎక్కడ తొందరైనా ఆ లోటును చెయ్యి పూడ్చాల్సి వస్తుంది. వేగం తగ్గడానికీ మోచేయి నొప్పికీ చాలాసార్లు మూలం ఒకటే.

దీన్ని కంటితో పట్టుకోలేం, ఫోన్ వీడియో కావాలి. ఒకటి పక్క నుంచి, ఒకటి క్యాచర్ వైపు నుంచి తీయండి. రెండింట్లోనూ ముందు పాదం నేలకు ఆనిన ఫ్రేము దగ్గర ఆపండి. ఆ ఒక్క ఫ్రేములో సగం సంగతులు తెలిసిపోతాయి. అడుగు పొడవు పిచర్ ఎత్తులో 80 నుంచి 100 శాతం ఉండాలి, అంటే 5 అడుగుల 10 అంగుళాల కుర్రాడికి దాదాపు ఐదడుగులు పడాలి. ముందు పాదం ప్లేట్ వైపుగానీ కొద్దిగా లోపలికి తిరిగిగానీ ఉండాలి. నడుము ప్లేట్ వైపు తిరగడం మొదలై ఉండాలి, ఛాతీ మాత్రం ఇంకా పక్కకే ఉండాలి. విసిరే చేతి మోచేయి బుజాల గీత ఎత్తున, అరచెయ్యి పైకి లేచి ఉండాలి.

ఆ ఫ్రేములో ఛాతీ అప్పటికే ప్లేట్ వైపు తిరిగిపోయిందా? నడుముకూ బుజాలకూ మధ్య మెలి పోయినట్టే. మంచి పిచర్లలో ఆ మెలి 40 నుంచి 60 డిగ్రీలు ఉంటుంది. అది లేకపోతే చెయ్యి ఒళ్లు వెనక ఈడ్చుకుంటూ వస్తుంది, మోచేతి లోపలి వైపు భారం పెరుగుతుంది, బంతి విసిరే చేతి వైపుకు, పైకి పోతుంది. ఎక్కువమందిలో దీనికి కారణం ముందు చేతి గ్లవ్‌ను తొందరగా పక్కకు లాగేయడం. గ్లవ్‌ను లాగకుండా ఛాతీ దానివైపుకు వెళ్లేలా చేయమని చెప్పండి. ఒక మోకాలు నేలకు ఆనించి 45 అడుగుల నుంచి నెమ్మదిగా 15 విసురులు వేయిస్తే ఆ భావం పట్టుబడుతుంది.

పాదం ఆనేసరికి చెయ్యి ఇంకా నడుము దగ్గరే ఉందా? చెయ్యి ఆలస్యమైంది. గ్లవ్‌లోంచి బంతి తీయడం త్వరగా మొదలుపెట్టాలి, లేదా వెనక చేతిని పొడవుగా చాపే అలవాటు తగ్గించాలి.

తర్వాత బంతి వదిలే ఫ్రేముకు వెళ్లండి. ముందు మోకాలు పాదం ఆనినప్పటి కన్నా నిటారైందా, మరింత వంగి ముందుకు జారిందా? నిటారైతే ముందుకు వచ్చిన ఊపు ఆ కాలి దగ్గర ఆగి పైభాగానికి ఎక్కుతుంది. జారితే ఊపు నేలలో కలిసిపోతుంది. 70-75 మైళ్ల దగ్గర ఆగిపోయిన పిల్లల్లో మేం ముందు చూసేది ఈ మోకాలినే. ఇది మాటలతో సరయ్యే సంగతి కాదు. కాలికి బలం లేక మోకాలు జారుతుంది. బరువులు పట్టుకుని వేసే స్ప్లిట్ స్క్వాట్లు, ఒంటి కాలి మీద దూకి నిలబడే వ్యాయామాలు రెండు మూడు నెలలు చేయించాలి.

బలం, తిండి

5 అడుగుల 9 అంగుళాల ఎత్తుండి 130 పౌండ్ల బరువున్న కుర్రాడికి పిచింగ్ పాఠాల మీద ఖర్చుపెట్టే ముందు ఒంటికి కండ పట్టించాలి. ఏడాదిలో 15 పౌండ్ల ఆరోగ్యకరమైన బరువు పెరగడం ఆ వయసులో సాధ్యమే. వేగం పెరగడానికి అంతకన్నా నమ్మకమైన దారి లేదు. రోజుకు మూడు పూటల భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, ప్రతిసారీ మాంసకృత్తులు, రాత్రి 8 నుంచి 9 గంటల నిద్ర ఉండాలి.

వ్యాయామం వారానికి మూడు రోజులు, ఆటల కాలంలో రెండు రోజులు. డెడ్‌లిఫ్ట్, స్ప్లిట్ స్క్వాట్, రోయింగ్, పుష్‌అప్, పుల్‌అప్ చాలు. ఒక్కోటి 3 సెట్లు, సెట్‌కు 6 నుంచి 8 సార్లు. చివరి రెండు కష్టంగా ఉండాలి కానీ తీరు చెడకూడదు. 4 నుంచి 6 పౌండ్ల మెడిసిన్ బాల్‌ను నడుము తిప్పి గోడకు కొట్టడం, ఇరువైపులా 3 సెట్లు, సెట్‌కు 5, పూర్తి బలంతో. 20 గజాల పరుగు ఆరుసార్లు. మైళ్లకొద్దీ జాగింగ్ చేయించడం పాత అలవాటు, వేగానికి అది ఉపయోగపడదు. బుజం వెనక చిన్న కండరాలకు బ్యాండ్ వ్యాయామాలు బంతి పట్టిన ప్రతి రోజూ ఉండాలి.

బరువు బంతుల గురించి తప్పక అడుగుతారు. మామూలు బేస్‌బాల్ 5 ఔన్సులు. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 13 నుంచి 18 ఏళ్ల పిచర్లకు 6 వారాల పాటు 2 నుంచి 32 ఔన్సుల బంతులతో సాధన చేయించారు. వేగం సగటున 3.3 శాతం పెరిగింది, అంటే 75 వేసేవాడికి రెండున్నర మైళ్లు. అదే గుంపులో 24 శాతం మందికి గాయాలయ్యాయి. 16 ఏళ్లలోపు, ఎముకల ఎదుగుదల పలకలు మూసుకోకముందు వీటి జోలికి వెళ్లవద్దన్నదే మా మాట. ఆ రెండు మైళ్లు ఆ వయసులో ఎదుగుదలతోనే వస్తాయి.

విశ్రాంతి తర్వాత మళ్లీ మొదలుపెట్టేటప్పుడు

చాలా గాయాలు ఫిబ్రవరి, మార్చిలలో ట్రైఅవుట్ల (జట్టు ఎంపిక పోటీల) దగ్గర బయటపడతాయి. చలికాలమంతా బంతి ముట్టని కుర్రాడు మొదటి రోజే గన్ ముందు పూర్తి బలంతో వేస్తాడు. ట్రైఅవుట్‌కు ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టండి. మొదటి వారం మూడు రోజులు, 45 నుంచి 60 అడుగుల దూరంలో 30 విసురులు, తేలిగ్గా. వారానికి 15 అడుగుల చొప్పున దూరం పెంచుతూ, విసురులను 50-60 దాకా తీసుకెళ్లండి. ఐదో వారం మౌండ్ ఎక్కి సగం బలంతో 15 ఫాస్ట్‌బాల్స్. ఆరో వారం 20, ముప్పాతిక బలంతో. ఏడో వారం 30, అందులో కొన్ని ఛేంజప్‌లు (ఫాస్ట్‌బాల్ తీరులోనే వేసినా నెమ్మదిగా వచ్చే బంతులు). ఎనిమిదో వారంలోనే పూర్తి బలం, గన్. మధ్యలో ఏ వారమైనా నొప్పి వస్తే ముందటి వారానికి వెనక్కి వెళ్లాలి. వారాలను కుదించి ట్రైఅవుట్ తేదీకి సరిపెట్టవద్దు.

ఎన్ని బంతులు, ఎంత విశ్రాంతి

2017 సీజన్ నుంచి ప్రతి రాష్ట్ర హైస్కూల్ సంఘానికీ బంతుల లెక్క మీద ఆధారపడిన నియమం ఉండాలని జాతీయ సమాఖ్య ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ తప్పనిసరి చేసింది. అంకెలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. వాటిలో కొన్ని ఉదారంగా ఉంటాయి కాబట్టి మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ పట్టికనే ఇంట్లో పాటించండి. అందులో 13-16 ఏళ్లవారికి రోజుకు గరిష్ఠంగా 95 బంతులు, 17-18 ఏళ్లవారికి 105. 15-16 ఏళ్లవారు 30 దాకా వేస్తే విశ్రాంతి తప్పనిసరి కాదు. 31 నుంచి 45 వేస్తే ఒక రోజు, 46 నుంచి 60కి రెండు రోజులు, 61 నుంచి 75కి మూడు, 76 దాటితే నాలుగు రోజులు. 17-18 ఏళ్లవారికి మూడు రోజుల మెట్టు 80 దాకా ఉంటుంది, 81 నుంచి నాలుగు రోజులు.

లెక్క తప్పేది ఒక్క జట్టులో కాదు. మంగళవారం స్కూల్ తరఫున 70 వేసి, శనివారం స్కూల్‌తో సంబంధం లేని ట్రావెల్ టీమ్‌లో పొద్దున 40, సాయంత్రం 35 వేసే పిల్లలున్నారు. స్కూల్ కోచ్‌కు శనివారం సంగతి తెలియదు, ట్రావెల్ కోచ్‌కు మంగళవారం సంగతి తెలియదు. ఇద్దరికీ కనిపించే ఒకే లెక్క తల్లిదండ్రుల చేతిలోనే ఉండాలి. పిచ్ చేయని రోజు క్యాచర్‌గా నిలబెట్టడం కూడా విశ్రాంతి కాదు, క్యాచర్ ఆటంతా విసురుతూనే ఉంటాడు. ఏడాదిలో నాలుగు నెలలు పిచింగ్ ఉండకూడదు, అందులో రెండు మూడు నెలలు వరసగా బంతి విసరడమే ఆపేయాలి.

ఈ అంకెల వెనక బలమైన ఆధారముంది. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఉన్న అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2006లో సర్జరీ దాకా వెళ్లిన యువ పిచర్లను, గాయపడనివారిని పోల్చి చూశారు. చెయ్యి అలిసిపోయినా తరచూ వేసినవారికి సర్జరీ ముప్పు 36 రెట్లు. ఏడాదిలో 8 నెలలకు మించి పిచ్ చేసినవారికి 5 రెట్లు. ఆటకు 80 బంతులు దాటినవారికి 4 రెట్లు. 85 మైళ్లు దాటి వేసేవారికి రెండున్నర రెట్లకు పైగా. చివరి అంకెను రెండుసార్లు చదవండి. వేగం పెరిగే కొద్దీ జాగ్రత్త కూడా పెరగాలి. 86 వేసేవాడు జట్టులో అందరికన్నా బాగున్నాడని అందరికన్నా ఎక్కువ బంతులు వేయించడం సరిగ్గా తిరగేసిన పని.

అలసటను గుర్తుపట్టడం కష్టం కాదు. నిలకడ వేగం 3 మైళ్లు పడిపోతుంది, బంతులు పైకి లేస్తాయి, బంతికీ బంతికీ మధ్య సమయం పెరుగుతుంది, చెయ్యి విదిలించుకుంటాడు, మోచేయి బుజం గీత కన్నా కిందికి దిగుతుంది. ఇందులో రెండు కనిపిస్తే బంతుల లెక్క 50 దగ్గరున్నా మార్చేయండి.

కండరాలు పట్టేసినట్టుండే నొప్పి రెండు రోజుల్లో పోతుంది. మోచేతి లోపలి ఎముక దగ్గర వేలితో నొక్కితే చురుక్కుమనే నొప్పి, బుజం పైభాగంలో విసిరినప్పుడల్లా వచ్చే నొప్పి, ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కడం, మోచేయి పూర్తిగా చాపలేకపోవడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు బంతి పక్కన పెట్టించి, యువ క్రీడాకారులను చూసే ఎముకల డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. ఎదిగే పిల్లల్లో లిగమెంట్ కన్నా ముందు ఎదుగుదల పలకే దెబ్బతింటుంది. త్వరగా పట్టుకుంటే కొన్ని నెలల విశ్రాంతితో మానుతుంది. నొప్పి మాత్ర వేసి ఆడిస్తే ఆ అవకాశం చేజారుతుంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి చేసిన మోచేతి లిగమెంట్ సర్జరీ, అంటే టామీ జాన్ సర్జరీ చేయించుకుంటే వేగం పెరుగుతుందని కొందరు తల్లిదండ్రులు నమ్ముతున్నారు. ఆ సర్జరీ వేగాన్ని పెంచదు. తర్వాత ఏడాదికి పైగా చేయించే వ్యాయామం, ఆ వయసు ఎదుగుదల పెంచుతాయి. సర్జరీ లేకుండానే అవి రెండూ దొరుకుతాయి.

ఉన్న వేగంతో ఆట గెలవడం

72 మైళ్లతో వర్సిటీ బ్యాటర్లను అవుట్ చేయవచ్చు. ఫాస్ట్‌బాల్ ప్లేట్ చేరడానికి అర సెకనుకు కాస్త ఎక్కువ పడుతుంది. అదే చేతి వేగంతో, అదే తీరులో వేసి 8 నుంచి 10 మైళ్లు నెమ్మదిగా వచ్చే ఛేంజప్ చేతిలో ఉంటే బ్యాటర్ ఊపు ముందే అయిపోతుంది. బంతిని అరచేతిలోకి లోతుగా పట్టుకుంటే వేగం దానంతట అదే తగ్గుతుంది, చెయ్యి నెమ్మదించనక్కర్లేదు. చెయ్యి నెమ్మదిస్తే బ్యాటర్ కనిపెట్టేస్తాడు. హైస్కూల్ స్థాయిలో ఎక్కువ ఛేంజప్‌లు అక్కడే చెడుతున్నాయి. వేసినవాటిలో 60 శాతానికి పైగా స్ట్రైకులు, మొదటి బంతి స్ట్రైకు అయ్యే బ్యాటర్లు సగానికి పైగా: ఈ రెండు అంకెలు నిలబెట్టుకునేవాడికి జేవీలోనైనా (స్కూల్ రెండో జట్టు) వర్సిటీలోనైనా ఇన్నింగ్స్‌లు దొరుకుతాయి.

కాలేజీ కోచ్‌లకు వీడియో పంపేటప్పుడు నిలకడ వేగాన్నే రాయండి, పక్కన తేదీ, మౌండ్ మీద నుంచి అన్న మాట, గన్ పేరు చేర్చండి. 79 వేసేవాడు 84 అని రాస్తే కోచ్ తన గన్‌తో వచ్చిన మొదటి ఇన్నింగ్స్‌లోనే తేలిపోతుంది, ఆ తర్వాత అతను చెప్పిన ఏ అంకెనూ నమ్మరు. ఎత్తు, బరువు, గత ఏడాది అదే నెలలో వేగం కూడా ఇవ్వండి. 6 అడుగుల 1 అంగుళం, 160 పౌండ్లు, పోయినేడాది 75, ఇప్పుడు 79 అని చదివిన కోచ్‌కు ఆ కుర్రాడు ఇంకెంత ఎదగగలడో తెలుస్తుంది.